పండుగ నాటి విస్తరి



ఒంటి బరువు తగ్గింపవలెనని వైద్యులు చెప్పిన దినము మొదలుకొని మనలో అనేకులకు పండుగ యనిన భయము పుట్టుచున్నది. "ఈ నెలలో రెండు పెండ్లిళ్లు ఉన్నవి, వెనుకనే క్రిస్మస్ వచ్చును, జనవరిలో మొదలుపెట్టెదను" అని ఒకరందురు. "ఇక నన్ను విందులకు పిలువవద్దు" అని మరియొకరందురు. నర్సుగా పనిచేసిన కాలములో ఈ రెండు మాటలను రోగుల మంచముల ప్రక్కన వింటిని. ఉద్యోగము ముగించి ఊరు చేరిన పిమ్మట మందిరపు అరుగు మీద వినుచున్నాను. మొదటివారి జనవరి ఎన్నటికిని రాదు. రెండవవారు మూడు నాలుగు నెలలు నిలుతురు, అటు తరువాత జారుదురు. విందును విడువకయే బరువు తగ్గు మార్గము కలదు. నేను ఆ మార్గముననే తగ్గితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2024 జనవరి నాటికి నా బరువు 76 కిలోలు. నేను పొట్టిదానను. మోకాళ్లు పట్టుకొనిపోయి, ప్రార్థనలో మోకరించినయెడల లేచుటకు ప్రక్కనున్న వారి చేయి కావలసి వచ్చుచుండెను. కనీసము ఏడు కిలోలు తగ్గుమని వైద్యురాలు చెప్పెను. ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునకు మోకాలి మీద పడు భారము దాదాపు నాలుగు కిలోలు తగ్గునని 2005లో అమెరికాలో ప్రచురింపబడిన పరిశోధన యొకటి తెలిపినది. ఆ లెక్క నాకు ధైర్యమిచ్చెను. ఏడు కిలోలు తగ్గినచో అడుగడుగునకు 28 కిలోల మూట దింపినట్లే గదా!

ఆ సాయంకాలమే గోడ మీది క్యాలెండరు దించి, ఎర్ర పెన్సిలు పట్టుకొని కూర్చుంటిని. ఈ సంవత్సరము నేను తప్పక తినవలసిన విందులు ఎన్ని? ఎదురింటివారు సంక్రాంతికి పంపు అరిసెలు, ఈస్టరు, పంట పండుగ, క్రిస్మస్, ఇవి తెలిసిన తేదీలే. వేసవిలో పెండ్లిళ్లు నిశ్చయమై యుండెను. మనుమరాలి పుట్టినదినము కలదు. ఒక గృహప్రవేశపు ప్రార్థన, మా చిన్నాన్న జ్ఞాపకార్థ కూడిక ఉండెను. డిసెంబరు సంగతి మీకు చెప్పనక్కరలేదు. సెమీ క్రిస్మస్ అని ఒక వీధివారు, యౌవనస్థుల క్రిస్మస్, స్త్రీల సమాజపు క్రిస్మస్, బడి పిల్లల క్రిస్మస్! అసలు క్రిస్మస్ వచ్చునప్పటికి కేకును చూచి ముఖము త్రిప్పుకొనవలసి వచ్చును. అన్నిటికిని గుండ్రములు చుట్టగా 26 తేలినవి. సగటున రెండు వారములకు ఒకటి. ఆ సంవత్సరములో 366 దినములు గనుక మిగిలిన 340 దినములు ఏ పండుగయు లేని దినములు. నేను చూడవలసినది ఆ 340 వైపుననియు, 26 వైపున కాదనియు నాకు అప్పుడే తోచెను.

మా అమ్మ మెట్ట ప్రాంతపు ఆడపడుచు. ఆమె చిన్నతనములో పొద్దున అంబలి, మధ్యాహ్నము జొన్న సంకటి, రాత్రి అదే సంకటి. వరి అన్నము పండుగ నాడే చూచెడివారు. క్రిస్మస్ దినమున తెల్లని అన్నము, కోడి కూర విస్తరిలో పడినప్పుడు పిల్లలు మొదట కొంతసేపు ఊరకే చూచుచుండెడివారట. కూలికి పోయి వంగి నాట్లు వేసిన ఒళ్లు అవి. ఏడాదికి నాలుగైదు మారులు కడుపునిండ తిన్నంతమాత్రమున ఎవరును లావెక్కలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన తరువాత పేదల యిండ్లలో అన్నము ప్రతి దినపు భోజనమైనది. ఆకలిని ఎరిగిన వారెవరును దీనిని చిన్న మేలుగా ఎంచరు. అయితే పూర్వపు పండుగ భోజనము నేటి మామూలు భోజనమైనది. పొలమునకు నడచుట తగ్గినది. పండుగ వచ్చినప్పుడు దాని మీద మరియొక భోజనము పెట్టుచున్నాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడవ వంతునకు మించినవారు అధిక బరువు గలవారు. అదే సర్వేలో సగమునకు మించిన స్త్రీలకు రక్తహీనత కలదని కూడ తేలినది. కావున ఈ వ్యాసము అందరికి కాదు. సన్నగా, పాలిపోయి, ఆయాసపడు తల్లులు దీనిని ప్రక్కనుంచి, ఆకుకూర, పప్పు, గ్రుడ్డు కొరత లేకుండ తినవలెను.

పండుగ భోజనమునే కొట్టివేయవచ్చును గదా అని పట్నపు డాక్టరు ఒకరు నాతో అనిరి. ఆయన మంచివారే గాని మన సంఘములలో ఒక విస్తరి యొక్క అర్థము వారికి తెలియదు. మా తాతలను తమ పంక్తిలో కూర్చుండనిచ్చిన వారు ఊరిలో లేరు. దొడ్డి వైపున నిలుచుండి, దోసిట పట్టిన కొంగులో మిగిలిన అన్నము తెచ్చుకొనిన తరమది. మందిరము ఎదుట పందిరి వేసి, చాపలు పరచి, అందరును ఒకే వరుసలో కూర్చుండి, ఒకే గంగాళములోనిది తిన్న దినమును మా నాయనమ్మ చనిపోవువరకు చెప్పుచుండెను. అట్టి పంక్తిలో నుండి లేచిపోయి దూరముగా కూర్చుండుట ఆరోగ్యమని నాకు తోచదు.

ఇప్పుడు లెక్క చెప్పెదను; కొంచెము ఓర్పుతో చదువుడి. ఆహారములోని శక్తిని కేలరీలతో కొలుతురు. నా వంటి ఇల్లాలికి దినమునకు సుమారు 1,800 కేలరీలు సరిపోవును. మామూలు దినములలో నేను 1,500 తినుచున్నాను. పొద్దున రెండు ఇడ్లీలు గాని ఒక జొన్న రొట్టె గాని. మధ్యాహ్నము కొలత గ్లాసుతో అన్నము, అంతకు తగ్గకుండ తోటకూరయో గోంగూరయో వేసిన పప్పు, పలుచని మజ్జిగ. రాత్రి మరల రొట్టె, కూర. మా యింట ఇద్దరము. నెలకు ఒక లీటరు నూనె సీసా తెరచెదము, అది అయిపోయినచో తరువాతి నెల వరకు మరియొకటి తెరువము. టీలో చక్కెర మానితిని. ఇందులో నోరు కట్టుకొనుట ఏమియు లేదు, ఆకలి వేయుట అంతకంటె లేదు.

ఈ విధముగా దినమునకు 300 మిగులును. రెండు వారములలో విందు లేని 13 దినములకు 3,900. విందు నాడు కావలసినదానికంటె 900 ఎక్కువ తిన్నాననుకొనుడి. బిరియాని, మాంసపు కూర, ఒక తీపి పదార్థము తినిన అంతే యగును. ఇంకను 3,000 మిగిలియున్నవి. ఒక కిలో కొవ్వు కరుగుటకు సుమారు 7,700 కావలెను. కాబట్టి విందు తినియు రెండు వారములకు నాలుగు వందల గ్రాములకు దగ్గరగా తగ్గుదుము. ఇప్పుడు ఆ విందు ఒక దినముతో ముగియక మూడు దినములు సాగినదనుకొనుడి. మూడు తొమ్మిదులు 2,700 పోవును. మిగిలిన 11 దినములకు వచ్చునది 3,300. చేతిలో నిలుచునది 600 మాత్రమే. ఇంచుమించు ఏమియు తగ్గనట్లే. పెండ్లి భోజనము మనలను చెరుపదు. పెండ్లి మరునాడు డబ్బాలలో ఇంటికి వచ్చినది చెరుపును.

ఏడాదికి నేను 7 కిలోలు తగ్గితిని. కాగితము మీది లెక్క 10 చూపెను. ఒళ్లు తేలికయైన కొలది దానికి కావలసిన ఆహారమును తగ్గును. గరిటె కూడ అప్పుడప్పుడు బరువగుచుండును. నాకు ఏడు చాలును. మోకరించి నా అంతట నేనే లేచుచున్నాను.

మా అన్న సంగతి వేరు. ఆయనకు చాలకాలముగా షుగరు. 2019లో కాలి వ్రేలికి పుండు పడి మానక, ఆ వ్రేలు తీయవలసి వచ్చెను. ఆసుపత్రి నుండి వచ్చిన దినముననే, "ఇక జన్మలో విందు ముట్టను" అని ఒట్టు వంటి మాట పలికెను. నా మేనకోడలి పెండ్లిలో, అనగా తన సొంత కుమార్తె పెండ్లిలో, అందరు పంక్తిలో కూర్చుండగా ఆయన స్టీలు క్యారియరు తెచ్చుకొని షామియానా వెనుక రాట ప్రక్కన ఒంటరిగా తినెను. మా వదిన అది చూచి, వడ్డన మధ్యలో గరిటె క్రింద పెట్టి లోపలికి వెళ్లిపోయెను. పెండ్లికుమార్తె తండ్రి లేని విస్తరి వైపు చూచుచు ఏమియు తినలేదు. నాలుగు నెలలు ఆయన అట్లే నిలిచెను. పిలుచువారు పిలుచుట మానిరి. అప్పుడు ఒకనాడు చుట్టములు తెచ్చిన సున్నుండ ఒకటి నోట వేసికొనెను. ఒక్క సున్నుండ! అంతటితో ఊరుకొనినయెడల ఏమియు కాకపోవును. "ఒట్టు తప్పినది, ఇక అంతా పోయినది" అని ఆ డబ్బా ముగించి, ఆ వారమంతయు తిని, మాత్రలు కూడ నిర్లక్ష్యము చేసి, తూకములో పూర్వముకంటె మూడు కిలోలు ఎక్కువ తెచ్చుకొనెను. ఒక మెట్టు జారినవాడు మిగిలిన మెట్లన్నియు తానే దూకినట్లు.

నా క్యాలెండరును చూచి ఆయన మొదట నవ్వెను. "తినుటకు కూడ తేదీలు వేసినావా, చెల్లెమ్మా?" అనెను. పాతవారి పద్ధతి ఒకటి చెప్పితిని. భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరుకు ముందు దినము వరకు లెక్కించినయెడల 46 దినములు వచ్చును. అయినను శ్రమకాలము 40 దినములే అందుము. మధ్యలో వచ్చు ఆరు ఆదివారములను పూర్వపు సంఘము ఉపవాసపు లెక్కలో చేర్చలేదు. ఆ ఆదివారమున భోజనము చేసినవాడు ఉపవాసము తప్పినవాడు కాడు. అది ముందే విడిచి పెట్టిన దినము. సోమవారము వచ్చినప్పుడు అతడు మరల మొదటి నుండి ప్రారంభింపడు, ఆగినచోటనుండి సాగిపోవును. మా అన్న కొంతసేపు ఊరకుండి, "అయితే నాకు ఎన్ని?" అని అడిగెను. తన వైద్యునితో మాటలాడి నెలకు ఒకటి అని నిశ్చయించుకొనెను. బిరియాని అరపళ్లెము, తీపి ఒక ముక్క. ఆ దినమున మాత్రలు వేళకు. 2024లో 88 కిలోలున్నవాడు ఇప్పుడు 81 ఉన్నాడు. క్యారియరు అటక ఎక్కినది.

షుగరు గలవారికి మరియొక మాట. విందు రాత్రికి గదా అని పొద్దుటి నుండి పస్తు పడుకొనువారు మన ఊళ్లలో చాలమంది. ఇన్సులిన్ సూది వేసికొనువారును, కొన్ని రకముల షుగరు మాత్రలు మ్రింగువారును అట్లు చేసినయెడల రక్తములో చక్కెర అకస్మాత్తుగా పడిపోవును. చెమటలు పోయును, చేతులు వణకును, కండ్లు చీకట్లు క్రమ్మును. తెలివిలో ఉన్నప్పుడే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగింపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. నేను పనిచేసిన కాలములో పండుగ రాత్రులలో ఇట్టివారిని ఎడ్ల బండి మీద తెచ్చుట చూచితిని, తరువాత ఆటోలలో తెచ్చుట చూచితిని. షుగరు లేనివారికిని పస్తు మంచిది కాదు. ఆకలితో పందిరిలోనికి పోయినవానికి చేయి ఆగదు.

పంక్తిలో కూర్చున్న తరువాత నేను చూచుకొనునది ఒక్కటే. ఇంట ప్రతి దినము దొరకునది విందులో తినను. బిరియాని తినినచో మరల తెల్లన్నము, సాంబారు ఎందులకు? అప్పడములు, చిప్సు ఎందులకు? కూల్ డ్రింకు చిన్న సీసాలో ఐదు చెంచాల చక్కెర కలదు. నమలకుండ లోనికి పోవును గనుక కడుపునకు దాని సంగతియే తెలియదు. మన వడ్డించువారి ప్రేమ మీకు తెలిసినదే. చేయి అడ్డము పెట్టినను వ్రేళ్ల సందున వేయుదురు. మొదటనే "కొంచెము వేయి నాయనా, కావలసినచో అడిగెదను" అని పేరు పెట్టి పిలిచి చెప్పినయెడల వారు నొచ్చుకొనరు. విస్తరిలో వదలిన అన్నము చూచియే నొచ్చుకొందురు. ఇప్పటి బఫేలలో పళ్లెము పట్టుకొని నిలుచుండి తినుట వలన ఎంత తినినామో తెలియుట లేదు. నేను ఎక్కడనో ఒక కుర్చీ వెదకుకొని కూర్చుందును. భోజనమైన పిమ్మట పది పదునైదు నిమిషములు మెల్లగా నడచినయెడల షుగరు గలవారికి మిక్కిలి మేలు. అయితే నడచి బిరియానిని కరిగించెదమనుకొనకుడి. గంటసేపు వడిగా నడచినను 200 లేక 250 కేలరీలకంటె ఎక్కువ పోవు. అది పెద్ద అరిసె ఒకటి.

అరిసెల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. బియ్యము నానబెట్టి, తడి ఆరకముందే దంచి, బెల్లపు పాకములో పిండి కలిపి, చలిమిడి చేసి, నూనెలో వేసి, తీసిన వెంటనే చెక్కల నడుమ నొక్కి నూనె పిండుదుము. మా అమ్మ ఆ నొక్కుట యందు ఎంత బలము చూపెడిదో! మరునాటి పొద్దునకే కొన్ని పాస్టరు గారి యింటికి, కొన్ని ఎదురింటికి, కొన్ని పాలేరు పిల్లలకు పోయెడివి. డబ్బాలో మిగులునవి పది. ఈ పంచుట నేటికిని మంచి వైద్యము. క్రిస్మస్ మరునాడు సాయంకాలమునకు మా యింట పిండివంట ఉండదు. అడిగి తీసికొనుటకు వీధి నిండ పిల్లలున్నారు.

విందు మరునాడు తూకము ఎక్కిన వారు బెదరుదురు. ఒక్క రాత్రిలో కిలోన్నర పెరిగినదే అని! ఒకటిన్నర కిలోల కొవ్వు పట్టుటకు కావలసినదానికంటె 11,000 కేలరీలకు పైగా ఎక్కువ తినవలెను. ఏ పెండ్లిలోను ఎవరును అంత తినలేరు. ఆ పెరిగినది చాలవరకు నీరు. ఉప్పును, శరీరము దాచుకొన్న పిండిపదార్థమును నీటిని పట్టి యుంచును. మామూలు భోజనమునకు మరలినచో మూడు నాలుగు దినములలో దిగును. కాబట్టి నేను విందైన వారము తూకము ఎక్కను. అయితే ఇంతమాత్రమున పండుగ కాలమంతయు నీరే అనుకొనకూడదు. 2000వ సంవత్సరములో అమెరికా దేశపు వైద్య పత్రిక యొకటి 195 మందిని తూచిన పరిశోధనను ప్రకటించినది. నవంబరు నడుమ నుండి జనవరి వరకు వారు సగటున పెరిగినది నాలుగు వందల గ్రాములకు లోపలే. చాల తక్కువే. అయితే వేసవి వచ్చునప్పటికిని అది దిగలేదు. ఏడాదికి అంత చొప్పున ఇరువది క్రిస్మసులు గడచినచో ఎంతయగునో మీరే కూడుకొనుడి.

క్యాలెండరులో లేని విందు వచ్చినయెడల ఏమి చేయవలెనని మా స్త్రీల సమాజములో ఒకరు అడిగిరి. గత ఆగస్టులో మా సంఘపు వృద్ధురాలు ఒకామెను చూచుటకు పోతిని. ఆమె విధవరాలు, ఒంటరిది. పింఛను డబ్బుతోనే జీవనము. నేను వచ్చెదనని ఎవరో ముందు చెప్పగా ఉన్న ఒక పెట్టను కోసినది. ఈతాకు చాప పరచి, తాను ఎదుట కూర్చుండి విసనకర్ర పట్టుకొని, "తిను బిడ్డా, నేను కాన్పులో పడి ఉన్న నాడు రాత్రంతా నా దగ్గర కూర్చున్నావు" అనినది. నేను ఆ సంగతి ఎన్నడో మరచితిని. ఆమె వేసినంత తింటిని, మారు కూడ అడిగితిని. ఇంటికి వచ్చి ఎర్ర పెన్సిలు తీసి, ఆ నెలలో మిగిలియున్న గుండ్రము ఒకటి కొట్టివేసితిని. అది ఎవరో ధనవంతుల గృహప్రవేశము. నేను ప్రార్థనకు వెళ్లి, టీ త్రాగి వచ్చితిని. వారికి నేను తిననట్లు తెలియనే లేదు.

ఒకే దినమున రెండు విందులు పడినచో? వేసవిలో ముహూర్తముల వేళ అట్లే పడును. ఒకచోట తినుడి. రెండవచోట విస్తరి ముందు కూర్చుండి, ఒక ముక్కయు నాలుగు మెతుకులును పెట్టించుకొని, ప్రక్కనున్న వారితో మాటలాడుచు నెమ్మదిగా తినుడి. ఏ యింట తినవలెనో, ఏ యింట కూర్చుండవలెనో ముందటి రాత్రియే నిశ్చయించుకొనుడి. బిరియాని వాసన తగిలిన తరువాత ఆ నిర్ణయము మీ చేతిలో ఉండదు.